మా రెండవ విమానము

మా చిరంజీవి గత సంవత్సరము జ్యేష్ఠమాసమున ఇంటరు చదువునకై విజయవాడ హాస్టలునకు వెడలిపోయెను. పోవునాడు తన పుస్తకములు, బట్టలు, క్రికెట్టు బ్యాటు అన్నియు సర్దుకొనెను గాని, గోడకు వ్రేలాడుచున్న విమానమును మాత్రము ముట్టలేదు. "అమ్మా, దానిని నీవు చూచుకొనుము. బ్యాటరీలను నిండుగా నింపి వదలివేయకుము, పాడగును" అని చెప్పి ఆటో నెక్కెను. ఆ మాటతో మొదలైన సంగతినే నేడు సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఇది బొమ్మ విమానమే. తేలికయైన ఫోముతో చేసినది. రెక్కల ఈ కొననుండి ఆ కొనకు 140 సెంటీమీటర్లు; బ్యాటరీతో కూడ బరువు 1250 గ్రాములు. ముక్కున మోటారు, దానికొక ప్రొపెల్లరు. నేలపై నిలిచినవారి చేతిలో రెండు స్టిక్కులున్న రిమోటు ఉండును. ఎడమ స్టిక్కుతో వేగమును, తోక చుక్కానిని. కుడి స్టిక్కుతో రెక్కల వాలును, ముక్కు ఎత్తుదింపులను శాసించుదుము. నేర్చుకొనువారికై చేసినది గనుక దీనిని ట్రైనరు అందురు.

అబ్బాయికి ఆ విద్య నేర్పినవారు మా యూరనే యుండు ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి. అందరును ఆయనను మాష్టారుగారనియే పిలుతురు. ఆయన రెండు రిమోటులను ఒక తీగతో కలిపి, ఒకటి తాముంచుకొని, రెండవది పిల్లవాని చేతికిత్తురు. విమానము తలక్రిందులగునని తోచినంతనే తమ మీటను వదలుదురు. తోడనే అధికారమంతయు ఆయన చేతికి వచ్చును. మేము మజ్జిగ సీసాతో గట్టున కూర్చుండి చూచుచుండెడివారము. ఒకనాడాయన "ఊరక కూర్చుండనేల తల్లీ! మీరును పట్టుకొనుడు" అనిరి. ఆ దినమున మా చేతులు వడకినట్లు పెండ్లిపీటలమీద గూడ వడకలేదు. రెండు వేసవులు గడచునప్పటికి అబ్బాయి చక్కగా నేర్చెను. మేమును కొంత నేర్చితిమి.

వాడు వెళ్లిన పిదప రెండు మాసములు విమానము గోడననే యుండెను. దుమ్ము తుడుచునప్పుడెల్ల మనస్సు చివుక్కుమనెడిది. శ్రావణమాసమున ఒక యాదివారము ఉదయము, వాన వెలిసి గాలి నిలిచియుండగా, మా అత్తగారు "దానిని చూచి కన్నీరు పెట్టుకొనుటకన్న ఎగురవేయరాదా? నేనును వచ్చెదను, పద" అనిరి. ఊరి వెలుపల ఇండ్ల స్థలములకై చదును చేసి, సిమెంటు రోడ్లు వేసి, అమ్ముడుపోక మిగిలిన వెంచరు ఒకటి కలదు. ఆసామిని అడిగి అనుమతి పొంది, ఆ రోడ్డునే మా విమానాశ్రయము చేసికొంటిమి. మాష్టారుగారు దూరమున నిలిచిరి. రెండవ రిమోటును తేలేదు.

మొదట మాకు భయము. అది మాది కాదు, వానిది. విరుగగొట్టినచో వాడేమనునో యని గుండె దడదడ కొట్టుకొనెడిది. కాని ఆదివారములు గడచినకొలది చేయి కుదిరెను. ఎత్తు తగ్గకుండ కుడికిని ఎడమకును తిరుగుట. ఎనిమిది అంకె వలె చుట్టుట. మోటారు నాపివేసి జారుకొనుచు వచ్చి దిగుట. విమానము మనకెదురుగా వచ్చునప్పుడు కుడియెడమలు తారుమారగును గనుక, అప్పుడు తడబడకుండుట. పదిమారులు దింపినచో పదిమారులును రోడ్డు మీదనే దింపుట: ఇవి మాష్టారుగారు పెట్టిన పరీక్షలు. మా ట్రైనరులో విమానమును కుదురుగా నుంచు జైరో యను పరికరము గలదు. దానిని పనిచేయకుండ జేసి గూడ ఇవన్నియు చేయగలిగిననాడే ఉత్తీర్ణత యనిరి. కార్తికమాసము చివరకు ఉత్తీర్ణులమైతిమి.

అప్పుడాయన "ఇక నీ ట్రైనరు నీకు నేర్పగలిగినది లేదమ్మా" అనిరి. ఎందుచేతనని అడిగితిమి. ట్రైనరు రెక్క శరీరమునకు పైన నుండును. దాని కొనలు కొంచెము పైకి లేచియుండును. ఈ రెండు కారణములచేత విమానము ఒక ప్రక్కకు ఒరిగినను, స్టిక్కు వదలిన చాలు, తానే సరియగును. రెక్క అడుగు చదునుగాను, పైభాగము ఉబ్బుగాను ఉండుటచే మెల్లగా పోవునప్పుడును గాలిలో నిలుచును. ఇవి మంచి గుణములే. కాని మా పొరపాటులన్నిటిని అదియే దిద్దుచుండగా, మా పొరపాటు ఏదియో మాకు తెలియుట యెట్లు? పైగా వేగము పెంచినంతనే తానై పైకి లేచును. ప్రక్కగాలి వీచినచో ఆకువలె తూలును. దానిని మేము నడుపుచున్నామో, అది మమ్ము నడుపుచున్నదో తెలియని స్థితి.

సంక్రాంతికి మా చీటీ పాట వచ్చి ఇరువది వేలు చేత బడెను. రెండవ విమానము కొందుమని మావారితో చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "అబ్బాయి ఇంట లేడు గదా. రెండవది ఎవరి కొరకు?" అని అడిగిరి. అది కోపముతో నడిగినది కాదు. నిజముగా తెలియక యడిగినది. అందుచేతనే జవాబు కష్టమయ్యెను. ఇరువది యేండ్ల సంసారములో మేము కొన్నవి లెక్కకు మిక్కిలి. కుక్కరు, కుట్టు మిషను, సైకిలు, అత్తగారి కండ్లద్దములు, చివరకు మా చీరలు గూడ ఎవరి పెండ్లికో కొన్నవే. "చూతము" అని వంటింటిలోనికి పోతిమి.

ఆ ప్రశ్నను ప్రక్కన బెట్టి, ముందు ఏది కొనవలెనో విచారింప దొడగితిమి. మొట్టమొదట మా మనస్సు దోచినది స్పిట్‌ఫైరు. ఇంగ్లండులో 1936 మార్చి 5వ తేదీన మొదటిమారు ఎగిరిన ఆ యుద్ధవిమానపు నమూనాలు నేటికిని అమ్ముదురు. కోడిగ్రుడ్డు వాలుతో తీర్చిన దాని రెక్కలు చూచి మోహింపనివారుండరు. అత్తగారికి బొమ్మ చూపితిమి. ఆమె చిన్నతనమున వీణ నేర్చినవారు. "సరళీ వరుసలు కాగానే కీర్తన యెత్తుకొన్న పిల్లను మా గురువుగారు వీణకు గవిసెన తొడిగి ఇంటికి పంపెడివారు. నడుమ గీతములు లేవా?" అనిరి. మాష్టారుగారు మాత్రము ఏమియు ననక, "దాని బరువును రెక్క వైశాల్యముతో భాగించి తెమ్ము" అనిరి.

పచారీ సామాను లెక్క వ్రాయు పుస్తకములోనే ఈ లెక్కయు వేసితిమి. మా ట్రైనరు రెక్క పొడవు 140, వెడల్పు 22 సెంటీమీటర్లు. వైశాల్యము 3080 చదరపు సెంటీమీటర్లు. బరువు 1250 గ్రాములు. అనగా ప్రతి నూరు చదరపు సెంటీమీటర్ల రెక్కయు సుమారు 41 గ్రాములు మోయుచున్నది. మేము మెచ్చిన యుద్ధవిమానపు రెక్క పొడవు 110, సగటు వెడల్పు 17, వైశాల్యము 1870. బరువు 1400. దాని రెక్క నూటికి 75 గ్రాములు మోయవలెను! ఇట్లు బరువు హెచ్చినకొలది విమానము పడిపోకుండ నిలుచుటకు హెచ్చు వేగము కావలెను. ఆ వేగము బరువు నిష్పత్తికి వర్గమూలముగా పెరుగునని మాష్టారుగారు చెప్పిరి. లెక్క కట్టగా, ఆ విమానమును మా ట్రైనరుకన్న మూడవ వంతునకు మించిన వేగముతో నేలకు దింపవలసియుండును. వేగము తగ్గించినచో, కొనలు సన్నగిల్లిన రెక్కలు గలవానికి ఒక రెక్క కొనయే ముందుగా పట్టు తప్పి, విమానము గిర్రున తిరిగి పడును. పైగా స్పిట్‌ఫైరు చక్రములు రెండును దగ్గరదగ్గరగా నుండుటచే నేలపై పరుగిడునప్పుడు ప్రక్కకు ఒరుగును. ఆ బొమ్మను మడిచి పుస్తకములో దాచితిమి.

పిదప తక్కిన రకములను చూచితిమి. జెట్టు విమానపు పోలికగలవి కొన్ని గలవు. వాని పొట్టలో చిన్న పంకా యుండి గాలిని వెనుకకు చిమ్మును. అవి బ్యాటరీని త్వరగా త్రాగివేయును. ప్రొపెల్లరు గాలి తోకకు తగులదు గనుక మెల్లగా పోవునప్పుడు తోక సరిగా లొంగదు. దిగుటకు పొడవైన నున్నని బాట కావలెను. గాలిలో నిలువుగా వ్రేలాడుచు విన్యాసములు చేయునవి మరికొన్ని. వాని తోకపలకలు చాటలంత యుండును. స్టిక్కు వెంట్రుకవాసి కదలినను గంతులు వేయును. ఇవి ఆ తరువాతి తరగతులవి.

గ్లైడరు మాత్రము మమ్ము చాల ఊరించెను. పొడవైన సన్నని రెక్కలతో, మోటారు నాపుకొని, గ్రద్దవలె ఎండవేడిమికి లేచు గాలిలో గిరికీలు కొట్టుచుండును. అత్తగారి యోటు దానికే. నెమ్మది కోరువారికి అదియు మంచి రెండవ విమానమే యగును. కాని మా వెంచరు చుట్టును కరెంటు స్తంభములున్నవి. తేలుచు తేలుచు నేల నంటనొల్లని గ్లైడరును ఆ యిరుకున దింపుట మాకు చేతగాదనిపించెను. తన మైదానమును బట్టి విమానమును ఎన్నుకొనవలెను గాని, బొమ్మను బట్టి కాదని అప్పుడు తెలిసెను.

కడపట మేము నిశ్చయించినది రెక్క శరీరమునకు క్రిందుగా నుండు సాధారణపు విమానము. ఏ యుద్ధమునను పాల్గొన్నది కాదు. దానికి చరిత్రయు లేదు. దాని రెక్క అడుగుభాగము గూడ కొంత ఉబ్బియుండును. కావున వేగము మార్చినను ట్రైనరువలె పైకి క్రిందికి ఊగదు. రెక్కల కొనలు స్వల్పముగా మాత్రమే లేచియుండును. కావున మనము ఎట్లుంచిన అట్లే యుండును, వాల్చిన వాలియే యుండును, సరిచేయువారు మనమే. రెక్క పొడవు 130, వెడల్పు 22, బరువు 1350. లెక్కకు నూటికి 47 గ్రాములు. ట్రైనరుకన్న ఒక మెట్టే ఎక్కువ. అమెరికాలో 1960 దశకమున ఫిల్ క్రాఫ్ట్ అను నాతడు 'అగ్లీ స్టిక్' అను విమానమును రూపొందించెను. అనగా వికారపు కఱ్ఱ. ఆ పేరు పెట్టుకొనియు అది నేటివరకు నిలిచియున్నది. కట్టుట సులువు, నడుపుట నమ్మకము. రెండవ విమానమునకు కావలసినది అట్టి గుణమే గాని సౌందర్యము కాదు.

గృహిణులకు మరి మూడు సూచనలు. మొదటిది: ఉన్న బ్యాటరీలకు సరిపోవు విమానమునే కొనవలెను. మాకు మూడు అరల బ్యాటరీలు మూడున్నవి; స్పిట్‌ఫైరు కోరినది నాలుగు అరలది. అట్లైన బ్యాటరీలకే వేరుగా సొమ్ము పోసియుండెడివారము. రెండవది: విడిభాగములు దొరకుచున్నవో లేదో ముందుగా తెలిసికొనవలెను. రెక్క విరిగినచో రెక్క యొక్కటియే దొరకనిది చవుకయైనను కొనరాదు. మూడవది: చక్రములు. సిమెంటు రోడ్డునకు ముక్కు క్రింద చక్రమున్నది సుఖము. తోకచక్రముగలది నేలపై అడ్డముగా తిరుగుటకును, ముక్కున పడుటకును చూచును.

నాలుగవ సూచన మా అత్తగారిది. ఆమెకు శుక్లముల శస్త్రచికిత్స యైనది. ఒకనాడు ఆమె ఆకాశమువైపు చూచి, "అమ్మాయీ, అది పోవుచున్నదా, వచ్చుచున్నదా? నాకు తెలియుట లేదు" అనిరి. నవ్వితిమి గాని, సాయంకాలపు వెలుగులో మాకును అదియే కష్టము. పైన తెలుపు, క్రిందను తెలుపైన విమానము దూరమున ఒక నల్లని గీతయై, మనవైపు తిరిగినదో అవతలకు తిరిగినదో తెలియక కూలిపోవును. అందుచేత పైన ఎరుపు, అడుగున నలుపు తెలుపు పట్టెలు గలదానినే ఎన్నుకొంటిమి.

కంప్యూటరుపై ఆర్డరు పెట్టునప్పుడు, పేరు అని యున్న గడిలో మా పేరే వ్రాసితిమి. మా యింటికి వచ్చు పార్సెళ్లు మావారి పేరనో అబ్బాయి పేరనో వచ్చునవే. మాఘమాసమున ఆ పెట్టె వచ్చినప్పుడు మావారే గుమ్మమున నుండి, పైనున్న పేరు చదివి, ఏమియు ననక మా చేతికిచ్చిరి. ఆయన యడిగిన ప్రశ్నకు ఆ కాగితమే జవాబని మేము చెప్పలేదు. ఆయన మరల అడుగలేదు.

ఎగురవేయుటకు ముందు చేయవలసినవి కొన్ని యున్నవి. రెక్క ముందంచునుండి వెడల్పులో సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు లోపల విమానపు తూకము నిలువవలెను. సరియైన స్థానమును దానితో వచ్చిన పుస్తకము చెప్పును. తోక బరువైనది చేతికి లొంగదు. కుడికి స్టిక్కు త్రిప్పిన కుడిరెక్క పలక పైకి లేవవలెను. అది తలక్రిందులైయున్నచో మొదటి క్షణముననే కథ ముగియును. పైట బిగించి చెంగు నడుమున దోపుకొనవలెను. తిరుగు ప్రొపెల్లరునకు ఎదుటగాని ప్రక్కనగాని నిలువరాదు. బ్యాటరీలను కనిపెట్టియుండియే చార్జి చేయవలెను. ఎగురవేయని దినములలో అరకు 3.8 వోల్టుల వద్ద నుంచవలెను. ప్రభుత్వమువారి 2021 సంవత్సరపు డ్రోను నియమావళి ఈ బొమ్మలకును వర్తించును. డిజిటల్ స్కై అను వేదికపై ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలముల పటము గలదు. ఎగురవేయుటకు ముందు తమ యూరు ఏ మండలములోనిదో చూచుకొనుట విధి.

మొదటి నాలుగు ఎగురుటలు నిరపాయముగా ముగిసెను. ఎత్తునకు పోయి, అక్కడ వేగము తగ్గించి, అది ఎట్లు పట్టు తప్పునో చూచి, మరల పట్టుకొనుటను అభ్యసించితిమి. ఐదవమారు దింపునప్పుడు పాత యలవాటు చెరచెను. ట్రైనరును దింపునట్లు మోటారును ముందే కట్టివేసి ముక్కు నెత్తితిమి. ఇది ట్రైనరువలె తేలలేదు. మూరెడు ఎత్తునుండి దభీలున పడెను. ప్రొపెల్లరు విరిగెను, ముక్కుచక్రము వంగెను. మాష్టారుగారు "నేల తగులువరకు కొంచెము మోటారును నడువనిమ్ము తల్లీ" అనిరి. మరునాటి సాయంకాలము మావారు బజారునుండి వచ్చుచు రెండు ప్రొపెల్లరులు తెచ్చి బల్లపై నుంచిరి. రెండెందుకనగా, "ఒకటి చాలదు గదా" అనిరి.

సరళా ఠక్రాల్ అను భారతీయ యువతి 1936లో, తన ఇరువది యొకటవ యేట, లాహోరులో చీర కట్టుకొనియే జిప్సీ మాత్ విమానమును ఒంటరిగా నడిపెను. ఆమె విమాన మెక్కి యెగిరినది. మేము నేలపై నిలిచి బొమ్మను త్రిప్పుచున్నాము. పోలిక చెప్పుకొనుట హాస్యాస్పదము. అయినను, వెంచరు గట్టున నిలిచి చూచువారికి సిగ్గుపడిన ఉదయములలో ఆమె జ్ఞప్తికి వచ్చుట మాత్రము నిజము.

వేసవిలో అబ్బాయి పది దినములు సెలవుపై వచ్చెను. చిక్కిపోయినాడు. వచ్చిన మరునాటి తెల్లవారుజామున మేమందరము వెంచరునకు పోతిమి. వాడు ఎర్ర రెక్కలను తడిమి, కొంతసేపు మా చేతులవైపే చూచుచుండెను. ఏడాదిగా వాడు స్టిక్కు ముట్టలేదు. తుదకు, "అమ్మా, ఒక్కమారు నాకిత్తువా? నీ విమానము గదా, జాగ్రత్తగా నడిపెదను" అని యడిగెను.

మాష్టారుగారు తమ సంచిలోనుండి ఆ తీగను తీసి మా చేతికిచ్చిరి. రెండు రిమోటులను కలిపి, ఒకటి మేముంచుకొని, రెండవది వానికిచ్చితిమి. మూడవ మలుపున వాని చేయి తడబడెను, మీట వదలితిమి. విమానము సరియైన పిదప మరల వానికిచ్చితిమి. అత్తగారు గట్టుమీద కూర్చుండి, "ఇప్పుడు వచ్చుచున్నది, నాకు కనబడుచున్నది" అనుచుండిరి.